సీరియల్ నంబర్ 11/2024: మందులతో అబార్షన్ చేసే డాక్టరును చట్టం ఏమడుగుతుంది, మనం ఏమడుగుతున్నాం

ఈ కేసులో వైద్యపరంగా అరుదైన విషయం ఏదీ లేదు. ఏడున్నర వారాల గర్భం, మందులతో అబార్షన్, లోపల కొంత మిగిలిపోతే చిన్న ప్రక్రియతో తీసివేయడం, పదిహేను రోజులు దాటాక ఒక పరీక్ష: గైనకాలజీ చదివిన ఎవరికైనా ఇది తరచుగా ఎదురయ్యేదే. అయినా దీన్ని వివరంగా రాయాలనిపించడానికి కారణం, ఆమె నా గది గడప తొక్కేలోపు దాటివచ్చిన రెండు గడపలు. మొదటిచోట చట్టం ఎక్కడా అడగని సంతకం అడిగారు. రెండోచోట చట్టం అడిగేది ఒక్కటీ అడగకుండా మందు చేతిలో పెట్టారు. మందులతో అబార్షన్ విషయంలో మన వృత్తిలో జరుగుతున్న తప్పులన్నీ ఈ రెండు గడపల మధ్యనే ఉన్నాయని నా అభిప్రాయం.

రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చి రాస్తున్నాను. నా నర్సింగ్ హోం ఉత్తర తెలంగాణలోని ఒక డివిజన్ కేంద్రంలో ఉంది. పన్నెండు పడకలు, ఒక ఆపరేషన్ థియేటర్, ఒక స్కానింగ్ గది ఉన్న చిన్న ఆస్పత్రి. అబార్షన్లు చేయడానికి జిల్లా స్థాయి కమిటీ ఇచ్చిన అనుమతి పత్రం, అంటే ఫారం బి, రిసెప్షన్ గోడమీద అందరికీ కనిపించేలా ఉంటుంది.

వచ్చిన రోజు

2024 ఆగస్టులో ఒక సోమవారం ఉదయం ఆమె తన అక్కతో కలిసి వచ్చింది. వయసు 27 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి 14 నెలలు, ఇంకా పాలు మాన్పించలేదు. రెండో కాన్పు సిజేరియన్. భర్త గల్ఫ్‌లో భవన నిర్మాణ పనిలో ఉన్నాడు. రెండు నెలల సెలవు మీద వచ్చి, జులై రెండో వారంలో, ఊళ్లో బోనాలు కాకముందే తిరిగి వెళ్లిపోయాడు. కండోమ్ వాడారు, ఒకసారి అది చిరిగింది. పాలిస్తున్నందువల్ల నెలసరి ఇంకా దారిలో పడలేదు, కాబట్టి నెల తప్పిందని తెలుసుకోవడానికే ఆలస్యమైంది. వాంతులు మొదలయ్యాక ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ తీసుకుని పరీక్ష చేసుకుంది.

మొదట ఆమె జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లింది. అక్కడ భర్త సంతకం కావాలన్నారు. దేశంలో లేడంటే అత్తమామల్లో ఒకరు రావాలన్నారు. ఆ మాటకు ఆమె తటపటాయించగానే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేయించుకునేటట్టయితే ఆలోచిస్తామన్నారట. ఆమె లేచి వచ్చేసింది. తర్వాత సొంత ఊళ్లో ఇంటింటికీ తిరిగి సూదులు వేసే వైద్యుడికి చెప్పుకుంటే, ఆయన సాయంత్రానికల్లా ఒక అబార్షన్ కిట్టు తెచ్చి ఇచ్చి ఎనిమిది వందలు తీసుకున్నాడు. ముద్రించిన ధర అందులో సగం కూడా లేదు. ఆ కిట్టును ఆమె నా బల్లమీద పెట్టి అడిగిన మాట ఇది: "మేడమ్, ఈ గోలీలు ఏసుకుందామనే అనుకున్న. మా అక్కనే ఒకపారి డాక్టరమ్మకు చూపెట్టినంకనే ఏసుకో అన్నది. ఏసుకోవచ్చా?"

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. 1971 నాటి మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం, అంటే మనం ఎంటీపీ చట్టం అని పిలుచుకునేది, గర్భాన్ని తొలగించే అధికారాన్ని ఒక్క "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్"కే ఇచ్చింది. చట్టం ప్రకారం ఆ మాటకు అర్థం, గుర్తింపు ఉన్న వైద్య పట్టా పొంది, రాష్ట్ర మెడికల్ రిజిస్టరులో పేరున్న, గైనకాలజీలో నిబంధనలు చెప్పినంత అనుభవమున్న డాక్టరు. ఆ మూడు మాటల పొడి అక్షరాలు కలిపితే ఆర్‌ఎంపీ. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అంటే ఆ పట్టా లేనివాడని అర్థం. చట్టం ఎవరిని మాత్రమే అనుమతించిందో, ఆ పేరే చట్టం ఎవరిని ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్షతో హెచ్చరించిందో వారికి వాడుకలో స్థిరపడిపోయింది. నవ్వొచ్చే సంగతే అయినా, నియంత్రణ కాగితం మీద ఎక్కడుందో, మందు నిజంగా ఎక్కడ తిరుగుతోందో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ దూరం ఎంతో చెప్పే అంచనా కూడా ఒకటుంది. 2015లో దేశంలో సుమారు 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయని, వాటిలో 81 శాతం మందులతోనే జరిగాయని, మొత్తంలో 73 శాతం ఏ ఆస్పత్రి గడపా తొక్కకుండా మందులతో జరిగినవని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఫారాలు నింపి, రిజిస్టరు రాసి, నెలనెలా లెక్క పంపే నాలాంటివారి చేతిమీదుగా జరుగుతున్నవి చాలా తక్కువ. బయట మందు మింగినవారందరికీ ప్రమాదం జరుగుతోందని నేననడం లేదు. ఇవి సురక్షితమైన మందులే, ఎక్కువమందికి సాఫీగానే అయిపోతుంది. అయితే ఈమెకు సాఫీగా అయ్యేది కాదని అరగంటలో తేలింది.

పరీక్షలో తేలినవి

రక్తపోటు 110/70. హిమోగ్లోబిన్ 9.4. బ్లడ్ గ్రూపు ఓ నెగెటివ్. చివరి నెలసరి తేదీ చెప్పలేకపోయింది కాబట్టి స్కాన్ చేశాను. మందులతో అబార్షన్‌కు ముందు ప్రతి ఒక్కరికీ స్కాన్ తప్పనిసరి అని మన జాతీయ మార్గదర్శకాలు చెప్పవు. తేదీలు తెలియనప్పుడు, గర్భం గర్భసంచిలోనే ఉందా అని అనుమానం వచ్చినప్పుడు చేయాలంటాయి. ఈమె విషయంలో తేదీ తెలియదు, పైగా పాత సిజేరియన్ కుట్టు ఉంది. గర్భం గర్భసంచి లోపలే, కుట్టుకు దూరంగా ఉంది. 7 వారాల 4 రోజులు. గుండె కొట్టుకోవడం కనిపించింది. స్కాన్ చేసినందుకు లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాను. అది వేరే చట్టం, వేరే రిజిస్టరు. ఆ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది గురించి తర్వాత చెబుతాను.

ఊళ్లో కిట్టు ఇచ్చిన వ్యక్తి ఆమె బ్లడ్ గ్రూపు అడగలేదు. ఆర్‌హెచ్ నెగెటివ్ స్త్రీకి అబార్షన్ సమయంలో యాంటీ డి ఇంజక్షన్ ఇవ్వాలని మన మార్గదర్శకాలు చెబుతాయి. ఇవ్వకపోతే ఆమె రక్తంలో యాంటీబాడీలు తయారై తర్వాతి గర్భంలోని బిడ్డకు ప్రమాదం తెచ్చే అవకాశం ఉంటుంది. ఆమె కాన్పులు రెండూ ఆస్పత్రిలోనే జరిగాయి, రెండుసార్లూ ఇంజక్షన్ ఇచ్చారు. ఎందుకో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. హిమోగ్లోబిన్ 8 కంటే తక్కువ ఉంటే మందులతో అబార్షన్ మొదలుపెట్టకూడదు. 9.4 అంటే పెట్టవచ్చు, కానీ రక్తస్రావం కాస్త ఎక్కువైనా తట్టుకునే నిల్వ పెద్దగా లేదు. పాత సిజేరియన్ ఒక్కటే ఈ మందులకు అడ్డంకి కాదు.

ఆమె తెచ్చిన కిట్టును వాడలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో, ఏ ఎండలో ఉందో తెలియదు. తిరిగి ఇచ్చేసి డబ్బులడగమని చెప్పాను గానీ, ఆ డబ్బులు వస్తాయన్న నమ్మకం నాకూ లేదు, ఆమెకూ లేదు.

చట్టం అడిగినవి

నేను మొదట చూసుకోవలసింది నా అర్హత. 2021 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం 9 వారాల లోపు మందులతో గర్భం తొలగించడానికి, పట్టా ఉన్న డాక్టరుకు ఏదైనా ఆస్పత్రిలో గైనకాలజీ విభాగంలో మూడు నెలల అనుభవం గానీ, ప్రభుత్వ ఆస్పత్రిలోనో గుర్తింపు పొందిన శిక్షణ సంస్థలోనో పర్యవేక్షణ కింద స్వయంగా చేసిన పది కేసులు గానీ ఉండాలి. నేను గైనకాలజీలో పీజీ చేసినదాన్ని కనుక నాకు అది సమస్య కాదు. అయితే పీహెచ్‌సీలో పనిచేసే ఎంబీబీఎస్ డాక్టరుకు ఇది పెద్ద వెసులుబాటు. ఆ వెసులుబాటు ఉందని తెలియనివారు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. అంతకుముందు 2003 నిబంధనలు మందులతో అబార్షన్‌ను 7 వారాల వరకే ప్రస్తావించాయి. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే రెండు మందులు కలిపిన కిట్టుకు మాత్రం 2008లోనే ఔషధ నియంత్రణ విభాగం 63 రోజుల వరకు అనుమతి ఇచ్చింది. అట్టపెట్టె ఒక మాట, నిబంధన ఒక మాట చెప్పిన ఆ పన్నెండు పదమూడేళ్లలో 7 వారాల 4 రోజుల గర్భంతో వచ్చిన స్త్రీకి ఏం చెప్పాలో తెలియక, సర్జికల్ పద్ధతికే పంపిన సందర్భాలు నాకు గుర్తున్నాయి.

తర్వాత కారణం. 20 వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. ఆ అభిప్రాయం సదుద్దేశంతో ఏర్పడాలి, ఫారం ఒకటిలో రాసి సంతకం చేయాలి. గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వస్తే, ఆ వేదనను ఆమె మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగా భావించవచ్చని చట్టమే చెబుతుంది. 2021 సవరణకు ముందు ఆ వివరణలో "వివాహిత, ఆమె భర్త" అని ఉండేది. ఇప్పుడు "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అయినా" అని మారింది. కండోమ్ చిరిగిందనడానికి రుజువు అడగాలని ఎక్కడా లేదు. ఆమె చెప్పింది, నేను నమ్మాను, రాశాను.

సమ్మతి పత్రం ఫారం సి. దాని మీద ఒక్క సంతకమే ఉంటుంది, అది ఆమెది. 18 ఏళ్లు నిండని వారికి, మానసిక అనారోగ్యం ఉన్నవారికి సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. మిగతా ఎవరి విషయంలోనూ ఆమె తప్ప ఇంకొకరి సమ్మతి అవసరం లేదు. ఈ మాట చట్టంలో 1971 నుంచీ ఉంది.

ఈ సందర్భంలో నా తప్పు కూడా చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన మొదటి పదేళ్లు నేనూ భర్త సంతకం తీసుకునేదాన్ని. నేను ట్రైనింగ్ అయిన చోట వాడిన సమ్మతి పత్రం నమూనానే తెచ్చుకుని అచ్చు వేయించాను. అందులో కింద కుడివైపు "భర్త సంతకం" అని ఒక గీత ఉండేది. ఆ గీత చట్టంలో లేదని నేనెప్పుడూ సరిచూసుకోలేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు చదివాకనే ఆ అచ్చు కాగితాలు తీసేశాను. అవివాహితలకూ 20 నుంచి 24 వారాల మధ్య గర్భం తొలగించుకునే వెసులుబాటు వర్తిస్తుందన్న తీర్పుగానే అది ప్రసిద్ధమైంది. నా వరకు అందులో ముఖ్యమైన భాగం వేరు: కుటుంబసభ్యుల సమ్మతి, కాగితాల రుజువులు, కోర్టు అనుమతి వంటి చట్టంలో లేని షరతులను డాక్టర్లు పెట్టకూడదని ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. ఆ షరతులు మనం ఎందుకు పెడతామో నాకు తెలుసు. రేపు భర్త వచ్చి గొడవ చేస్తాడన్న భయం. ఆ భయానికి చట్టం ఇచ్చిన మందు ఫారం ఒకటి, ఫారం సి, రిజిస్టరు. మనం వాటిని బద్ధకంగా నింపి, లేని సంతకంలో రక్షణ వెతుక్కుంటున్నాం.

రక్షణ ఎందుకంటే, గర్భస్రావం చేయించడం మన శిక్షాస్మృతిలో ఇప్పటికీ నేరమే. పాత ఐపీసీ 312 సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షను అయింది. ఎంటీపీ చట్టం ఆ నేరానికి ఇచ్చిన మినహాయింపు. షరతులు పాటిస్తేనే మినహాయింపు వర్తిస్తుంది. పాటించని డాక్టరు నిలబడవలసింది శిక్షాస్మృతి ముందు. ఈ మినహాయింపు విలువ తెలియాలంటే టెక్సాస్‌లో ప్రాక్టీసు చేస్తున్న నా ఎంబీబీఎస్ సహాధ్యాయితో ఒక్కసారి మాట్లాడితే చాలు. అక్కడ 2022 ఆగస్టు 25 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, తల్లి ప్రాణాపాయం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అబార్షన్ చేసిన డాక్టరుకు యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు, లక్ష డాలర్లకు తగ్గకుండా జరిమానా ఉంటుంది, లైసెన్సు పోతుంది. నేను ఒక సంతకంతో రాయగల ఇవే రెండు మందులను అబార్షన్ కోసం ఆమె అక్కడ రాయడానికి వీల్లేదు. పక్కనున్న లూసియానాలో 2024 అక్టోబరు నుంచి ఈ మందులను దుర్వినియోగం అయ్యే అవకాశమున్న మత్తుమందులుండే నియంత్రిత పదార్థాల జాబితాలో చేర్చారు. బాలింతలో రక్తస్రావం ఆపడానికి వాడే మిసోప్రోస్టాల్‌కు కూడా అక్కడ ఆ కట్టడి వచ్చింది.

రిజిస్టరు సంగతి మిగిలింది. ఫారం మూడు అడ్మిషన్ రిజిస్టరు. అందులో ఏటా జనవరిలో ఒకటి నుంచి సంఖ్య మొదలవుతుంది, పక్కన సంవత్సరం వేస్తాం. ఈమెది 11/2024. రిజిస్టరులో "ఎవరి భార్య లేదా ఎవరి కుమార్తె" అన్న గడి ఒకటుంది. భర్త సంతకం కావాలన్న అపోహకు ఈ గడి కూడా కొంత కారణమై ఉంటుందని నా అనుమానం. ఎవరి పేరు రాయమంటావని అడిగాను. "మా బాపు పేరు రాయుండ్రి" అంది. అదే రాశాను. ఈ రిజిస్టరు రహస్య పత్రం; ఆ క్యాలెండర్ సంవత్సరం ముగిశాక ఐదేళ్లు భద్రపరచాలి. కేసు షీటులోనూ థియేటరు రిజిస్టరులోనూ తర్వాతి పరీక్షల కార్డులోనూ ఆమె పేరు రాయకూడదు, ఈ సంఖ్య మాత్రమే వేయాలి. ఇంతకాలంగా నిబంధనల్లో ఉన్నా ఎక్కువ ఆస్పత్రుల్లో పాటించనిది ఇదే. నేను చూసిన కేసు షీట్లలో పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నకలు, పైన పెద్ద అక్షరాలతో "ఎంటీపీ" అని రాసి ఉన్నవి కొల్లలు.

ఇక్కడ ఇంకో చట్టం అడ్డొస్తుంది. మిఫెప్రిస్టోన్ షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. బయటి మెడికల్ షాపుకు చీటీ రాస్తే దాని మీద రోగి పేరు, చిరునామా ఉండాలి. ఎంటీపీ నిబంధన పేరు దాచమంటే, ఔషధ నిబంధన పేరు రాయమంటుంది. డాక్టరు తన రోగికి తానే మందు ఇవ్వడానికి ఔషధ చట్టంలో వెసులుబాటు ఉంది కనుక, నేను ఆస్పత్రిలో ఉంచుకున్న మందునే చేతికిస్తాను. మా ఊళ్లో చాలా షాపులు తనిఖీల భయంతో కిట్టు ఉంచడం మానేశాయి కాబట్టి మరో దారి కూడా లేదు.

మందులిచ్చిన తీరు

సోమవారం మధ్యాహ్నం నా ఎదుటే 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ మింగించాను. యాంటీ డి మా ఊళ్లో దొరక్క కరీంనగర్ నుంచి తెప్పించి సాయంత్రం ఇచ్చాను. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాం. గంటకు రెండు మందపాటి ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఏ వేళయినా ఫోను చేయాలని, జ్వరం, దుర్వాసన, కళ్లు తిరగడం ఉంటే రావాలని అక్కకూ ఆమెకూ విడివిడిగా చెప్పించి తిరిగి చెప్పమన్నాను. మందు మింగాక మనసు మార్చుకోవడం మంచిది కాదని, రెండో మందు వల్ల బిడ్డలో లోపాలు రావచ్చని, మందులు పనిచేయకపోతే తప్పక గర్భసంచి శుభ్రం చేయించుకోవాలని మొదటి మందుకు ముందే చెప్పాను. ఇది సమ్మతిలో భాగమే కానీ తర్వాత చెప్పే జాగ్రత్తల జాబితాలో వదిలేసే మాట కాదు.

బుధవారం ఉదయం 800 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్, అంటే నాలుగు మాత్రలు, నాలుక కింద పెట్టించాను. ఇంట్లో వేసుకోవడానికి కూడా పంపవచ్చు; తగిన స్త్రీకి ఆ స్వేచ్ఛ ఇవ్వాలనే నేనంటాను. ఈమెకు హిమోగ్లోబిన్ తక్కువ, ఊరు 30 కిలోమీటర్లు, రాత్రి ఎనిమిది దాటితే బస్సు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఆ నొప్పి పడడం ఆమె వల్ల కాదు. అందుకే ఆస్పత్రిలోనే ఉంచాను. నొప్పికి ఐబుప్రోఫెన్, వాంతులకు మందు ముందే ఇచ్చాం. మూడున్నర గంటలకు గర్భం పడిపోయింది. సాయంత్రం ఐదు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

గర్భం తొలగించిన మూడు గంటల్లోపు ఆ విషయాన్ని ఫారం ఒకటిలో ధ్రువీకరించాలని నిబంధన ఉంది. ఇది బల్లమీద పది నిమిషాల్లో ముగిసే పద్ధతిని మనసులో పెట్టుకుని రాసిన నిబంధన. మందులతో చేసే అబార్షన్‌లో ఆ గడియ ఎప్పుడొస్తుందో, ఇంట్లో వస్తుందో బస్సులో వస్తుందో ఎవరు చెప్పగలరు? ఇంట్లో మందు వేసుకునే వారి విషయంలో నేను మందు ఇచ్చిన సమయాన్ని, వారు ఫోనులో చెప్పిన సమయాన్ని రెండూ రాస్తున్నాను. ఇది నా పద్ధతి. ఇదే సరైనదని ఏ అధికారీ నాకు రాసివ్వలేదు.

పదో రోజు ఆమె మళ్లీ వచ్చింది. రక్తస్రావం ఆగలేదు, పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. హిమోగ్లోబిన్ 8.6కు దిగింది. జ్వరం లేదు. స్కాన్‌లో లోపల కొంత మిగిలి ఉంది. మరో విడత మిసోప్రోస్టాల్ ఇచ్చి చూడవచ్చు, లేదా మాన్యువల్ వాక్యూమ్ ఆస్పిరేషన్, అంటే లోపల మిగిలినదాన్ని గొట్టంతో పీల్చి తీసే చిన్న ప్రక్రియ, చేయవచ్చు. రెండూ చెప్పాను. ఇంకోసారి రాలేనని, ఇవాళే అయిపోవాలని ఆమె రెండోదాన్ని ఎంచుకుంది. గర్భసంచి ముఖద్వారం పక్కన మత్తు ఇంజక్షన్ ఇచ్చి పది నిమిషాల్లో ముగించాం. ఇలా మిగిలిపోవడం వందలో కొద్దిమందికి జరిగేదే, మందు లోపమూ కాదు, డాక్టరు లోపమూ కాదు. తన క్లినిక్‌లో ఈ మందులు రాసే డాక్టరుకు, అనుమతి ఉన్న ఆస్పత్రి ఒకటి అందుబాటులో ఉండాలని, ఆ ఆస్పత్రి యజమాని ఇచ్చిన పత్రం గోడమీద పెట్టాలని 2003 నిబంధనలు ఎందుకన్నాయో ఈ పదో రోజు చెబుతుంది. కిట్టు ఇచ్చిన ఊరి వైద్యుడి దగ్గర ఆమెకు ఈ పదో రోజు లేదు.

ఆ రోజే తర్వాతి జాగ్రత్త గురించి మాట్లాడాం. కాపర్ టీ అంటే భయపడింది. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజక్షన్‌కు ఒప్పుకుంది. ఒప్పుకోకపోయినా నేను చేసిన పనిలో తేడా ఉండేది కాదు. కుటుంబ నియంత్రణను అబార్షన్‌కు షరతుగా పెట్టమని చట్టం ఎక్కడా చెప్పలేదు.

అడిగి వచ్చినవారు

సెప్టెంబరు మొదటి వారంలో ఆగస్టు నెల లెక్క, ఫారం రెండు, జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి పంపాను. అందులో అంకెలే ఉంటాయి, పేర్లు ఉండవు.

ఆ నెలలోనే ఒక తనిఖీ బృందం వచ్చింది. చుట్టుపక్కల షాపుల్లో కిట్లు దొరికాయట. లింగనిర్ధారణ జరిగి ఆడపిల్లలను తీయించుకుంటున్నారేమోనన్న ఫిర్యాదు మీద తిరుగుతున్నారు. ఒక అధికారి అబార్షన్ రిజిస్టరు తెమ్మని, అందులోని ఫోన్ నంబర్లు ఫోటో తీసుకుంటానని అన్నారు. అనుమతి ఉన్న ఆస్పత్రిలో పరిశుభ్రత, భద్రత ఎలా ఉన్నాయో చూసే అధికారం జిల్లా వైద్యాధికారికి ఉంది. థియేటరు, ఎమర్జెన్సీ మందుల ట్రే, ఆక్సిజన్ అన్నీ చూపించాను. ఫారం ఎఫ్‌ల దస్త్రం లింగనిర్ధారణ చట్టం కింద అడిగారు కాబట్టి అదీ ఇచ్చాను. అబార్షన్ రిజిస్టరులోని పేర్లు మాత్రం, అడిగే అధికారం ఏ చట్టం కింద ఉందో రాసివ్వమన్నాను. 2021 సవరణలో చేర్చిన 5ఏ సెక్షను ప్రకారం, చట్టం అధికారమిచ్చిన వ్యక్తికి తప్ప ఆ స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆయన రాసివ్వలేదు. కొంతసేపు మాటలు పెరిగాయి, టీ తాగారు, వెళ్లిపోయారు.

9 వారాల లోపు గర్భంలో స్కాన్‌తో ఆడా మగా తెలియదు. పన్నెండు పదమూడు వారాలు దాటితే తప్ప ఆ తేడా కనిపించదు. అందుచేత 9 వారాల లోపు వాడే ఈ కిట్టును స్కానింగ్‌తో జరిగే లింగ ఎంపికకు ఆయుధంగా చూడడంలో తర్కం లేదు. రెండు చట్టాలనూ కలగలపవద్దని కేంద్ర ఆరోగ్యశాఖే మార్గదర్శకం ఇచ్చింది. అయినా తనిఖీ అనగానే ముందు దొరికేది కిట్టే. షాపువాడు దాన్ని బల్ల కిందికి తోస్తాడు, బల్ల కింద సరుకు ధర రెట్టింపవుతుంది, అది ఊరి వైద్యుడి సంచిలోకి చేరుతుంది. ఆమె ఎనిమిది వందలు పెట్టి కొన్న కిట్టు చరిత్ర బహుశా ఇదే.

అక్టోబరులో ఇంకొకరు వచ్చారు. ఆమె మరిది, వెంట ఊరి పెద్దమనిషి ఒకాయన. మర్యాదగానే కూర్చున్నారు. "మా వదినె ఆగస్టుల మీ దవాఖానకు వచ్చిందంట గదా మేడమ్, ఏమైందో మాకు తెల్వాలె. మా అన్న ఫోన్ల అడుగుతుండు" అన్నాడు. ఎవరు వచ్చారో, రాలేదో నేను ఎవరికీ చెప్పనని అన్నాను. పెద్దమనిషి కాస్త గొంతు పెంచి, ఇంటిమనిషికి కూడా చెప్పరా, సంతకం ఎవరు పెట్టారో చూపించండి అన్నాడు. మీ ఇంటి ఆడవాళ్ల గురించి రేపు ఇంకొకరు వచ్చి అడిగినా ఇదే చెబుతానన్నాను. ఆ మాటకు ఆయన కాసేపు నన్నే చూసి, మరిది భుజం మీద చెయ్యేసి లేచాడు. పాత పద్ధతిలో అయితే ఈ పరిస్థితి ఎలా ఉండేదో నాకు తెలుసు. "భర్త సంతకం" గీత మీద అక్క చేతో, ఆటో డ్రైవరు చేతో గీయించిన సంతకం ఒకటి ఉండేది. అది దొంగ సంతకమని తేలేది. అప్పుడు నేను నిజంగానే దొరికిపోయేదాన్ని.

ఆమె ఇంట్లో తర్వాత ఏం జరిగిందో నేను అడగలేదు. నవంబరులో రెండో అంతర ఇంజక్షన్‌కు అనుకున్న వారానికే వచ్చింది, చిన్నవాడిని చంకనెత్తుకుని. హిమోగ్లోబిన్ 10.8. ఈ ఇంజక్షన్‌కు రహస్య రిజిస్టరు లేదు, వరస సంఖ్యా లేదు. మామూలు ఓపీ చీటీ తీసి, పైన ఆమె పేరు రాశాను.